విమానాలు దిగాక ఎవరి మాట వినాలి?

2010 జనవరి 12 సాయంత్రం హైతీ రాజధాని పోర్టో ప్రిన్స్‌కి దగ్గరలో భూమి కదిలింది. తీవ్రత 7.0. ఎంతమంది పోయారన్నది ఇప్పటికీ తేలలేదు. లక్ష దగ్గర మొదలై, అక్కడి ప్రభుత్వం చెప్పిన 3,16,000 దాకా రకరకాల లెక్కలున్నాయి. ఆరోగ్య శాఖ భవనం కూలిపోయింది. నర్సింగ్ కాలేజీ విద్యార్థినుల మీదే కూలింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళం కార్యాలయం ఉన్న హోటల్ కూలి, దళం అధిపతి హెడీ అన్నాబీతో సహా ఎంతోమంది సిబ్బంది చనిపోయారు. సాయం వస్తే దాన్ని అందుకుని ఎటు పంపాలో చెప్పాల్సిన ఆ మనుషులే, ఆ గదులే ఒక్క నిమిషంలో లేకుండా పోయాయి.

విమానాశ్రయానికి ఉన్నది ఒకటే రన్‌వే. దాని రాకపోకలను అమెరికా వైమానిక దళం చేతిలోకి తీసుకుంది. ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ గాలి నింపి నిలబెట్టే ఆసుపత్రిని విమానంలో పంపితే, దాన్ని దిగనివ్వకుండా పక్కనున్న డొమినికన్ రిపబ్లిక్‌కి మళ్లించారు. సామానంతా అక్కడి నుంచి రోడ్డు మీద రావాల్సి వచ్చింది. ఈలోగా నగరంలో అదే సంస్థ సర్జన్లు, కుళ్ళిపోతున్న కాళ్ళు తీసెయ్యడానికి రంపం లేక బజారులో కొనుక్కున్నారు. ఆకాశంలో ఆపరేషన్ థియేటర్ చక్కర్లు కొడుతోంది, నేల మీద వడ్రంగి రంపం. వందల సంస్థలు వచ్చాయి, ఎవరికి వారే యమునా తీరే. సమన్వయ సమావేశాలు విమానాశ్రయం పక్కన, కాపలా ఉన్న ఐరాస ఆవరణలో, ఎక్కువగా ఇంగ్లీషులో జరిగేవి. ఫ్రెంచి, క్రియోల్ మాట్లాడే హైతీ డాక్టర్లు, స్థానిక సంఘాలవాళ్ళు ఆ గేటు దాటి లోపలికి వెళ్ళడమే కష్టమయ్యేది.

వేరే దేశంలో విపత్తు వచ్చినప్పుడు ఆసుపత్రులూ ప్రజారోగ్య వ్యవస్థా కలిసి ఎలా పనిచెయ్యాలన్న ప్రశ్న మీద 1988 ఆర్మేనియా భూకంపం నుంచి ఇప్పటిదాకా పోగుపడిన అనుభవం తక్కువేమీ కాదు. దాన్నంతా వరసగా పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది: మంచి మనసుకు, డాక్టర్లకు, మందులకు దాదాపు ఎప్పుడూ కొరత రాలేదు. ‘మీరు ఫలానా చోటికి వెళ్ళండి, మీరు రావద్దు’ అని చెప్పగలిగే ఒక బల్లకే కొరత వచ్చింది. ఆ బల్ల దెబ్బతిన్న దేశానిదే అయి ఉండాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు దాని మాట వినాలి. ఇది ఉన్నచోట ప్రాణాలు నిలిచాయి, లేనిచోట ఎంత సామాను దిగినా ఫలితం అంతంతమాత్రమే.

ముందు కాలం లెక్క చూద్దాం. భూకంపంలో గాయపడి, బతికించడానికి వీలున్నవాళ్ళలో చాలామంది భవితవ్యం మొదటి రెండు రోజుల్లోనే తేలిపోతుంది. శిథిలాల కింద నుంచి బయటికి లాగేది ఇరుగుపొరుగులు, చేతులతో, గడ్డపారలతో. విదేశీ ఆసుపత్రి ఎంత తొందరపడ్డా, అనుమతులు, విమానం, లారీ, డేరా, జనరేటరు అన్నీ కుదిరేసరికి మూడో రోజో అయిదో రోజో అవుతుంది. స్వీడన్ సర్జన్ యోహాన్ ఫాన్ ష్రీబ్, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో నాలుగు విపత్తులను తీసుకున్నారు: ఇరాన్‌లో బామ్, హైతీ వరదలు, ఇండొనేషియాలో సునామీ, పాకిస్తాన్ భూకంపం. వాటికి వెళ్ళిన 43 విదేశీ ఫీల్డు ఆసుపత్రుల్లో ఒక్కటి కూడా అత్యవసర గాయాల చికిత్స వేళకు అందలేదు. పడకల్లో సగం కూడా నిండలేదని వాళ్ళ అంచనా. బామ్ సంగతి మరీ స్పష్టం. 2003 డిసెంబరు 26 భూకంపంలో ఊళ్ళోని ఆసుపత్రులు నేలమట్టమయ్యాయి. ఇరాన్ తానే పది వేలకు పైగా క్షతగాత్రులను విమానాల్లో ఎక్కించి ఇతర ప్రాంతాల ఆసుపత్రులకు తరలించింది. విదేశీ డేరాలు లేచేసరికి పెద్ద గాయాలున్నవాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు.

అలాగని ఫీల్డు ఆసుపత్రులు దండగ అనడం తొందరపాటు. కూలిపోయిన ఆసుపత్రి స్థానంలో వారాలు, నెలలు ఎవరో ఒకరు నిలబడాలి. భూకంపం వచ్చిన ఊళ్ళో కాన్పులు ఆగవు, షుగరు, బీపీ, ఉబ్బసం ఆగవు. పుండ్లు చీము పడతాయి, తొందరలో కట్టిన కట్లు మళ్ళీ విప్పాలి. ఈ పనికి వస్తున్నామని తెలిసి, ప్రసూతి సామాను, పిల్లల మందులు సర్దుకుని వచ్చే బృందానికి చోటు ఎప్పుడూ ఉంటుంది. మొదటి రోజు గాయాలకు వస్తున్నామనుకుని, ఎముకల డాక్టర్లనే నింపుకుని ఏడో రోజున దిగే బృందంతోనే చిక్కు.

ఈ కాలం లెక్కను, సమన్వయం విలువను కలిపి చూపించేది మూత్రపిండాల కథ. గోడ పడి తొడో పిక్కో గంటల తరబడి నలిగిన మనిషి కొన్నిసార్లు స్పృహలోనే ఉంటాడు, మాట్లాడతాడు, నీళ్ళడుగుతాడు. పైనున్న దూలం ఎత్తగానే ప్రమాదం మొదలవుతుంది. నలిగిన కండరంలో చేరిన పొటాషియం ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి గుండెను ఆపేయగలదు. గుండె తట్టుకుంటే, కండరం చితికి విడుదలైన పదార్థం కిడ్నీల్లో పేరుకుని మూత్రం ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, తరవాత ఆగిపోతుంది. దీనికి విరుగుడు ఖరీదైనదేం కాదు: దూలం ఎత్తకముందే, మనిషి ఇంకా శిథిలాల్లో ఉండగానే, బయటికి చాచిన చేతికి సూది గుచ్చి సెలైన్ ఎక్కించడం. ఆ గంట దాటిపోతే అదే మనిషికి వారాలపాటు డయాలసిస్ కావాలి. ఒక సీసా సెలైన్‌కి, ఒక డయాలసిస్ యంత్రానికి మధ్య ఉన్న దూరమంతా సహాయక దళంలో ఎవరికి ఏం నేర్పారన్నదే.

1988 డిసెంబరు 7న ఆర్మేనియాలోని స్పితాక్ భూకంపంలో సుమారు పాతికవేల మంది చనిపోయారు. తరవాతి రోజుల్లో వందలమందికి కిడ్నీలు పనిచెయ్యడం మానేశాయి. భూకంపం తరవాత ఇది రెండో విపత్తు అన్నారు వైద్యులు. దేశదేశాల నుంచి యంత్రాలూ నిపుణులూ బయలుదేరారు గానీ ఏ ఆసుపత్రికి ఏది చేరాలో ముందుగా అనుకున్న పద్ధతి లేదు. ఆ చేదు అనుభవం నుంచే అంతర్జాతీయ నెఫ్రాలజీ సంఘం విపత్తుల కోసం ఒక ప్రత్యేక దళాన్ని ఏర్పాటు చేసుకుంది. బెల్జియంలోని ఘెంట్ దాని యూరోపు కేంద్రం. పదేళ్ళ తరవాత, 1999 ఆగస్టు 17న టర్కీలో మర్మరా భూకంపం వచ్చినప్పుడు ఈ దళం స్థానిక నెఫ్రాలజిస్టులతో కలిసి పనిచేసింది. ఎవరి దగ్గర ఎన్ని యంత్రాలున్నాయి, ఏ ఆసుపత్రిలో ఎన్ని కేసులు చేరాయి, ఎక్కడ నర్సులు తక్కువ అన్న లెక్క ఒకచోటికి చేర్చి, దాన్ని బట్టి సామాను, మనుషులు పంపారు. ఆ భూకంపంలో 639 మందికి కిడ్నీ సమస్యలు నమోదయ్యాయి, 477 మందికి డయాలసిస్ చేశారు, చనిపోయినవాళ్ళు వందలోపే. అంతటి విపత్తులో అది చిన్న సంగతి కాదు. టర్కీలో మంచి ఆసుపత్రులు, చదువుకున్న డాక్టర్లు ఉన్నారు కాబట్టి కుదిరింది అనొచ్చు, నిజమే. బయటినుంచి వచ్చినవాళ్ళు ఆ డాక్టర్ల పక్కన నిలబడ్డారు కాబట్టి కూడా కుదిరింది.

ఆర్మేనియా నేర్పిన రెండో పాఠం మందులది. ఆ భూకంపానికి ప్రపంచం పంపిన మందులు, వైద్య సామగ్రి కనీసం 5,000 టన్నులు. గోదాముల్లో గుట్టలుగా పడ్డ ఆ పెట్టెలను విప్పి, ఏది ఏమిటో గుర్తుపట్టడానికి 50 మందికి ఆరు నెలలు పట్టింది. 8 శాతం అప్పటికే గడువు దాటినవి. 4 శాతం చలికి గడ్డకట్టి పాడయ్యాయి. మిగిలినవాటిలో సులువుగా గుర్తుపట్టగలిగినవి 30 శాతమే, ఆ విపత్తుకు పనికొచ్చేవి 42 శాతమే. చాలా పెట్టెల మీద కంపెనీ పెట్టిన పేరు తప్ప మందు అసలు పేరు లేదు, ఉన్నా అక్కడివాళ్ళకు రాని భాషల్లో ఉంది. క్షతగాత్రులను చూసుకోవాల్సిన ఫార్మసిస్టులూ నర్సులూ అట్టపెట్టెలు చదువుతూ కూర్చున్నారు. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల దానానికి నియమాలు రాసింది: అడిగినవే పంపాలి, మందు అసలు పేరు అందుకునే దేశంలో అర్థమయ్యే భాషలో ఉండాలి, చేరాక కనీసం ఏడాది గడువుండాలి. దానానికి నియమాలేమిటని నొచ్చుకునేవాళ్ళు ఆ గోదాములను ఒక్కసారి తలుచుకోవాలి.

హైతీ తరవాత బృందాలకూ ఇలాంటి నియమాలు కావాలన్న పట్టుదల వచ్చింది. 2010 డిసెంబరులో హవానాలో నిపుణులు కూర్చున్నారు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విదేశీ వైద్య బృందాలను మూడు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి కనీస ప్రమాణాలు ప్రచురించింది. మొదటి రకం బయటి రోగులను చూస్తుంది, ఒకచోట స్థిరంగా ఉండే బృందమైతే రోజుకి కనీసం వందమందిని చూడాలి. రెండో రకానికి కనీసం 20 పడకలు, రోజుకి ఏడు పెద్ద ఆపరేషన్లు చేసే శక్తి ఉండాలి. మూడోది పెద్దాసుపత్రి స్థాయి. అన్నిటికీ కలిపి ఒక షరతు: తిండి, నీళ్ళు, కరెంటు, డేరా, చెత్త పారబోసే ఏర్పాటు వాళ్ళే తెచ్చుకోవాలి. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, తమ ఆకలిని కూడా విపత్తు ఊరి నెత్తిన పెట్టే బృందాలు అంతకుముందు చాలానే వచ్చేవి.

ఆ ఏడాది నవంబరు 8న ఫిలిప్పీన్స్‌ని హైయాన్ తుపాను కొట్టింది. కొత్త వర్గీకరణకు అదే మొదటి పరీక్ష. మనీలాలో ఆరోగ్య శాఖ వచ్చిన ప్రతి బృందాన్నీ మీదే రకం అని అడిగి, నమోదు చేసుకుని, చోటు చెప్పింది. తాక్లోబాన్ విమానాశ్రయం పక్కన ఆస్ట్రేలియా బృందం డేరా ఆసుపత్రి నిలబెట్టింది. నమోదులో ఆలస్యాలున్నాయి, చెప్పకుండా దిగినవాళ్ళున్నారు. అయినా ‘మీరెవరు, మీకేం వచ్చు’ అని దెబ్బతిన్న దేశం అడగడం, వచ్చినవాళ్ళు జవాబు చెప్పడం అలవాటుగా మారింది అక్కడే.

నేపాల్ ఇంకో అడుగు ముందుకేసింది. 2015 ఏప్రిల్ 25, శనివారం, ఉదయం 11:56. తీవ్రత 7.8. దాదాపు 9,000 మంది చనిపోయారు, 22,000 మందికి గాయాలు. పేద దేశం, కొండలు, ఖాట్మండు విమానాశ్రయంలో ఇక్కడా ఒకటే రన్‌వే. కొన్ని రోజులకే ఆ రన్‌వే దెబ్బతిని పెద్ద విమానాలను ఆపెయ్యాల్సి వచ్చింది. హైతీలా అయిపోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి. కాలేదు, ఎందుకంటే ఖాట్మండుకు పెద్ద భూకంపం తప్పదని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చినవాళ్ళ మాట కొంతైనా విన్నారు. పెద్ద ఆసుపత్రుల్లో క్షతగాత్రుల తాకిడికి రిహార్సల్స్ చేశారు. సహాయ సామగ్రిని దింపుకుని పంచే స్థావరాన్ని భూకంపానికి సరిగ్గా నెల ముందే, మార్చిలో, విమానాశ్రయంలో తెరిచారు. ఆరోగ్య శాఖలో అత్యవసర కేంద్రం పనిచేస్తూనే ఉంది. విదేశీ బృందాలు వందకు పైగా వచ్చాయి. వాటిని ఆ కేంద్రమే సింధుపాల్చోక్, గోర్ఖా, దోలఖా వంటి కొండ జిల్లాలకు విడదీసి పంపింది. ఖాట్మండులోనే ఉంటామన్న బృందాలకు ఇక్కడ అక్కర్లేదని చెప్పింది. గాయపడ్డవాళ్ళలో ఎక్కువమందికి చికిత్స చేసింది నేపాలీ డాక్టర్లే. మహారాజ్‌గంజ్‌లోని త్రిభువన్ యూనివర్సిటీ టీచింగ్ హాస్పిటల్ లాంటి పెద్దాసుపత్రుల్లో వరండాల్లో, ఆవరణలో పరుపులు పరిచి చూశారు.

నేపాల్‌లో వెనకబడింది తరవాతి దశ. వెన్నెముక విరిగినవాళ్ళకు ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి ఫిజియోథెరపీ, మూత్రం గొట్టం జాగ్రత్త, ఒంటి మీద పుండ్లు పడకుండా గంటగంటకూ పక్కకు తిప్పడం కావాలి. సాంగాలోని వెన్నుపూస పునరావాస కేంద్రం తనకున్న పడకలకు మించి రోగులను చేర్చుకోవలసి వచ్చింది. సర్జన్లను పంపిన దేశాలెన్నో, ఫిజియోథెరపిస్టులను పంపినవి కొన్నే. హైతీలోనూ ఇదే జరిగింది: రెండు వేల నుంచి నాలుగు వేల మందికి కాళ్ళో చేతులో తీసేశారని అంచనా. తీసినవాళ్ళు వెళ్ళిపోయారు, చాలామందికి ఏం చేశారో రాసిన కాగితం కూడా లేదు. కృత్రిమ కాలు అమర్చడానికి వీలుగా మిగిలే మొండి కొలత చూసి కోశారా లేదా అన్నది తరవాత వచ్చినవాళ్ళు విప్పి చూస్తే గానీ తెలిసేది కాదు. ఆపరేషన్ చేసే చేతికి కాగితం రాసే బాధ్యత కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ప్రజారోగ్యం. మన పత్రికలతో సహా అన్నిచోట్లా మొదటి భయం శవాల గురించే: కుళ్ళి రోగాలు వ్యాపిస్తాయని. భూకంపంలోనో ఉప్పెనలోనో చనిపోయినవాళ్ళు గాయాలతోనో నీట మునిగో పోయినవాళ్ళు, వాళ్ళ ఒంట్లో అంటువ్యాధి తెచ్చే రోగాలు ఉండే అవకాశం తక్కువ. ఆ భయంతో గోతుల్లో మూకుమ్మడిగా పూడ్చేస్తే, పోయినవాళ్ళెవరో ఇంటివాళ్ళకు ఎప్పటికీ తెలియదు. మరణ ధ్రువపత్రం, భూమి, పింఛను అన్నీ చిక్కుముడులవుతాయి. ప్రమాదం బతికున్నవాళ్ళ నీళ్ళలో, మరుగుదొడ్లలో, బురద అంటిన గాయాల్లో ఉంటుంది. 2004 సునామీ తరవాత ఇండొనేషియాలోని ఆచేలో 106 మందికి ధనుర్వాతం వస్తే 20 మంది చనిపోయారు. ఒక ఇంజెక్షన్‌తో పోయే ముప్పు అది. తట్టు టీకాలు తొందరగా వెయ్యడం వల్ల, శిబిరాలకు మంచినీళ్ళు చేరడం వల్ల అక్కడ పెద్ద అంటువ్యాధి రాలేదు. రాని అంటువ్యాధికి ఫోటో ఉండదు, అందుకే ఈ పనికి మెప్పూ తక్కువ, నిధులూ తక్కువ.

సాయమే జబ్బు తెచ్చిన ఉదాహరణ హైతీ. భూకంపం అయిన తొమ్మిది నెలలకు, 2010 అక్టోబరులో, మిర్‌బలే దగ్గర కలరా మొదలైంది. ఆ దేశంలో కనీసం వందేళ్ళుగా కలరా నమోదు కాలేదు. అక్కడున్న ఐరాస శాంతిదళ శిబిరంలోకి నేపాల్ నుంచి కొత్త సైనికులు వచ్చారు. శిబిరం మురుగు అర్తిబోనీత్ నదిలో కలిసే వాగులోకి చేరింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెనో పియరూ ఊరూరా తిరిగి కేసుల దారి పట్టి ఆ శిబిరం దాకా వచ్చాడు. క్రిమి జన్యువులూ నేపాల్ క్రిమితో సరిపోయాయి. ఎనిమిది లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు, దాదాపు పది వేల మంది చనిపోయారు. ఐరాస ప్రధాన కార్యదర్శి బాన్ కి మూన్ క్షమాపణ చెప్పడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. ఆ సైనికులు కావాలని చేసిందేమీ లేదు. వాళ్ళ శిబిరం మురుగు ఎటు పోతోందో సరిగ్గా తనిఖీ చేసినవాళ్ళు లేరు. ప్రజారోగ్య సమన్వయం అంటే వచ్చినవాళ్ళ శిబిరాన్ని కూడా తనిఖీ చెయ్యగలగడం.

దీని పక్కన మొజాంబిక్‌ని పెట్టి చూడాలి. 2019 మార్చి 14 రాత్రి ఇదాయ్ తుపాను బెయిరా నగరాన్ని ముంచింది. పెద్దాసుపత్రి ఆపరేషన్ థియేటర్లు దెబ్బతిన్నాయి. మార్చి 27న కలరా ఉందని ప్రకటించారు. ఏప్రిల్ 3న నోటి టీకాలు మొదలుపెట్టి, వారం తిరక్కుండా ఎనిమిది లక్షల మందికి పైగా వేశారు. ఆరు వేలకు పైగా కేసులొచ్చాయి, చనిపోయినవాళ్ళు ఎనిమిది మంది. ఎనిమిది! హైతీ నాటికి లేని ప్రపంచ టీకా నిల్వ 2013 నుంచి ఉంది కాబట్టి ఈ పోలికకు ఆ పరిమితి ఉంది. కానీ టీకా ఎక్కడికి, ఎప్పుడు పంపాలో తెలియడానికి ఇంకోటి కావాలి. బెయిరాలో ప్రతి విదేశీ బృందమూ రోజూ సాయంత్రం ఒకే నమూనా కాగితం నింపి ఆరోగ్య శాఖ సమన్వయ కేంద్రానికి ఇచ్చేది: ఇవాళ ఎంతమంది వచ్చారు, అయిదేళ్ళలోపు ఎందరు, నీళ్ళ విరేచనాలు ఎన్ని, జ్వరాలు ఎన్ని, గాయాలు ఎన్ని. విరేచనాల అంకె ఒక పేటలో పెరిగితే ఆ రాత్రే కనిపిస్తుంది. ఈ నమూనాకు ఫిలిప్పీన్స్‌, జపాన్‌లలో వాడిన పద్ధతులు మూలం. ఆ ఒక్క పేజీ ఒక మొబైల్ ఆసుపత్రి చేసినంత పని చేసింది.

విపత్తు దేశం బయట జరిగినా పని సొంత ఇంట్లోనే పడే సందర్భాలున్నాయి. 2002 అక్టోబరు 12 రాత్రి బాలిలోని కూటాలో బాంబులు పేలి 202 మంది చనిపోయారు, వాళ్ళలో 88 మంది ఆస్ట్రేలియన్లు. డెన్‌పసార్‌లోని సాంగ్లా ఆసుపత్రి కాలిన రోగులతో నిండిపోయింది. ఆస్ట్రేలియా వైమానిక దళం హెర్క్యులిస్ విమానాల్లో వాళ్ళను దగ్గరి నగరం డార్విన్‌కి చేర్చింది. అక్కడున్నది చిన్న ఆసుపత్రి, కాలిన గాయాలకు పెద్ద విభాగం లేదు. అరవై మందికి పైగా రోగులు వచ్చిపడితే డార్విన్ డాక్టర్లు వాళ్ళను అక్కడే పెట్టుకుని చూడాలనుకోలేదు. ఊపిరి నిలబెట్టి, ద్రవాలు ఎక్కించి, కాలి బిగుసుకుపోయిన చర్మం కింద రక్తప్రసారం ఆగకుండా కోతలు పెట్టి, మూడు రోజుల్లోపే ఎక్కువమందిని పెర్త్, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్‌లలోని కాలిన గాయాల విభాగాలకు పంచేశారు. రాయల్ పెర్త్ హాస్పిటల్‌లో ఫియోనా వుడ్ బృందం 28 మందికి చికిత్స చేసింది. ప్రతి ఆసుపత్రికీ తనవంతు తెలుసు, ఏదీ మునిగిపోలేదు. అక్కడితో ఆగకుండా, డార్విన్‌లో జాతీయ గాయాల స్పందన కేంద్రం పెట్టారు. పదకొండేళ్ళ తరవాత తాక్లోబాన్‌లో డేరా వేసింది దాని మనుషులే.

ఫ్లోరిడా 2010లో ఎదురు ఉదాహరణ. హైతీ నుంచి అమెరికా సైనిక విమానాలు క్షతగాత్రులను ఫ్లోరిడా ఆసుపత్రులకు తెస్తున్నాయి. పడకలు నిండుతున్నాయి, ఖర్చెవరిదో తేలలేదు. కేంద్రం భరించాలని గవర్నర్ చార్లీ క్రిస్ట్ ఉత్తరం రాశారు. జనవరి చివర్లో ఆ విమానాలు కొన్ని రోజులు ఆగిపోయాయి. తరవాత కేంద్ర ప్రభుత్వ విపత్తు వైద్య పథకం ఖర్చు తీసుకున్నాక మళ్ళీ కదిలాయి. పోర్టో ప్రిన్స్ డేరాల్లో ఆ రోజుల్లో ఎదురుచూసినవాళ్ళకు ఈ పద్దుల తగాదా ఏం తెలుసు? బిల్లు ఎవరు కడతారన్నది శాంతికాలంలో రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

తీసుకొచ్చిన రోగులతో మందులకు లొంగని క్రిములూ రావచ్చు. బాలి నుంచి డార్విన్‌కి, 2004 సునామీ తరవాత థాయ్‌లాండ్ నుంచి యూరోపు ఆసుపత్రులకు అలా వచ్చాయి. కాబట్టి విమానం దిగిన ప్రతి గాయాన్నీ పరీక్షించేదాకా వేరుగా ఉంచాలి. సహాయకులూ జబ్బు తెచ్చుకుంటారు: హైతీ భూకంపం తరవాత అమెరికాలో తేలిన 11 మలేరియా కేసుల్లో ఏడు సహాయక సిబ్బందివే.

మనకు ఇది దూరపు ముచ్చట కాదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం కాలి 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తుపట్టి, వైమానిక దళం విమానంలో కొచ్చికి తెచ్చారు. వాళ్ళలో కేరళవాళ్ళు ఎక్కువమంది కాబట్టి ఆ ఏర్పాటు. గల్ఫ్‌లో మన గోదావరి జిల్లాలవాళ్ళు, కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు ఎంతమంది! కాలిన గాయాలతో ముప్పైమంది బతికి వస్తే, హైదరాబాద్‌లో ఏ ఆసుపత్రికి ఎందరు, విశాఖకి ఎందరు, క్రిముల పరీక్ష ఎక్కడ, ఖర్చు ఏ ఖాతాలో అన్న పట్టిక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల దగ్గరా ముందే ఉండాలి.

దేశంగా మనం సాయం చేసే వైపు చాలాకాలంగా ఉన్నాం. 2004 సునామీలో మన తీరమే దెబ్బతిన్నా, ఐఎన్ఎస్ నిరూపక్‌ని ఆసుపత్రి ఓడగా మార్చి ఇండొనేషియాకి పంపాం. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపానికి ఆగ్రా నుంచి 60 పారా ఫీల్డ్ హాస్పిటల్ వెళ్ళింది. కొరియా యుద్ధంలో పనిచేసిన దళమది. ఇస్కెండరూన్‌లో 99 మంది, 30 పడకలతో రెండు వారాలలోపు వేలమందిని చూశారు. 2025 మార్చి 28న మయన్మార్ భూకంపం తరవాత 118 మంది బృందం మాండలేలో ఆసుపత్రి తెరిచింది. ఇవి గర్వించాల్సిన పనులు, ఆ గర్వంలో నాకూ భాగముంది. కానీ మన వార్తలు చెప్పేది ఎన్ని టన్నులు, ఎన్ని విమానాలు, ఎంతమంది రోగులు అన్నదే. విరిగిన కాలికి బయటినుంచి ఇనప కడ్డీలు బిగించిన మనిషికి అవి తియ్యడానికి ఆరు వారాలో, నాలుగు నెలలో పడుతుంది. బృందం వెనక్కి వచ్చాక ఆ పని ఎవరు చేశారు? 2005 పాకిస్తాన్ భూకంపానికి వెళ్ళిన క్యూబా బృందాలు దాదాపు ఏడు నెలలు ఉండిపోయాయి. హైతీలో భూకంపం నాటికే వందల క్యూబా వైద్య సిబ్బంది ఏళ్ళుగా పనిచేస్తున్నారు, కలరా మొదటి కేసులు వాళ్ళ కళ్ళబడ్డాయి. క్యూబా రాజకీయాలు ఎలాగున్నా, ఉండిపోవడం అన్న ఆ పద్ధతి నుంచి నేర్చుకోవాలి.

ఒక గట్టి అభ్యంతరం మిగిలింది. దెబ్బతిన్న దేశం బల్లే మాట చెప్పాలంటే, ఆ ప్రభుత్వమే అడ్డుపడితే? 2008 మే మొదట్లో నర్గీస్ తుపాను మయన్మార్‌లో 1,38,000 మందిని మింగితే అక్కడి సైనిక పాలకులు విదేశీ వైద్యులకు వారాల తరబడి వీసాలివ్వలేదు. 2023లో అదే టర్కీ భూకంపం దెబ్బతీసిన సిరియా వాయవ్య ప్రాంతానికి ఐరాస సాయం వెళ్ళడానికి బాబ్ అల్ హవా ఒక్క దారే ఉంది, మొదటి లారీలు మూడు రోజులకు గానీ దాటలేదు. ఇలాంటి చోట ప్రభుత్వ బల్ల కోసం కూర్చుంటే జనం చస్తారు. నర్గీస్‌కి దొరికిన దారి పొరుగువాళ్ళది: ఆసియాన్ మధ్యలో నిలబడి, మయన్మార్ ప్రభుత్వం, ఐరాసలతో కలిసి ముగ్గురి సంఘం ఏర్పాటు చేసింది. పాలకులు పశ్చిమ దేశాలను నమ్మకపోయినా ఇరుగుపొరుగును కొంత నమ్మారు. దక్షిణాసియాలో ఆ పాత్ర పోషించగల కూటమి మనకింకా లేదు. ఢిల్లీ, ఖాట్మండు, కొలంబో, ఢాకా ఆరోగ్య శాఖలు ఏటా కూర్చుని ఒకరి బృందాల పట్టిక ఇంకొకరికి ఇచ్చుకోవడంతో దాన్ని మొదలుపెట్టొచ్చు. అందులో ప్రతి బృందం రకం, పడకలు, తెచ్చే మందులు, ఎన్ని వారాలు ఉండగలదన్నది, వెళ్ళిపోయేటప్పుడు ఏ ఆసుపత్రికి రోగులను ఏ కాగితంతో అప్పగిస్తుందన్నది రాసి ఉండాలి. మాండలే నుంచి తిరిగొచ్చిన మన బృందం అప్పగింత లెక్కను ప్రచురిస్తే, ఆ పట్టికలో మొదటి పేజీ మనదే అవుతుంది.